కోటలో ఒక రాత్రి... సత్రంలో ఒక రాత్రి

పడవ ఆగింది. పెద్దావిడ మాత్రం లేవలేదు.

''ఇది కాదు నాయనా. మనం దిగేది ఇక్కడ కాదు. ఇది ఎవరిదో కోటలా ఉంది'' అంది, చేతి సంచీని ఒళ్లో గట్టిగా పట్టుకుని. పడవతనికి తెలుగు రాదు. నవ్వి, చెయ్యి అందించాడు. గట్టు మీద తలపాగాలు చుట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లు ఎదురొచ్చి నమస్కారం పెట్టారు. పెట్టెలు అందుకున్నారు. ఆవిడ కొడుకు వంక చూసింది. కొడుకు కళ్లు పక్కకు తిప్పుకున్నాడు.

''ఇక్కడేనమ్మా. దిగు. రెండు రాత్రులు ఇక్కడే ఉంటాం.''

డెబ్భై ఒక్క ఏళ్ల ఆ తల్లిది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. నలభై రెండేళ్ల ఆ కొడుకు డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. 2023 డిసెంబరులో, మార్గశిరపు చలిలో, ఇద్దరూ కాశీ వచ్చారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో గంగా పుష్కరాలకే రావాలని ఆవిడకు ఉండేది. ఎండకూ జనానికీ భయపడి కొడుకే వద్దన్నాడు. సెలవు దొరకగానే నేనే తీసుకెళ్తానన్నాడు. అన్నట్టే వచ్చాడు. భార్యనూ రెండున్నరేళ్ల పాపనూ హైదరాబాద్‌లో అత్తవారింట దింపి, అమ్మను వెంటబెట్టుకుని విమానం ఎక్కాడు.

పొద్దున హైదరాబాద్‌లో ఇడ్లీ తిన్నారు. మధ్యాహ్నానికి గంగ మీద ఉన్నారు.

మూడు మైళ్ల రాతిగోడ

ఎయిర్‌పోర్టు నుంచి కారులో వచ్చి, రాజ్‌ఘాట్ వైపు పడవ ఎక్కారు. వెనక 1887లో కట్టిన రైలు వంతెన. ముందు, కుడిచేతి వైపు ఒకదాని పక్కన ఒకటి ఘాట్లు. కాశీలో గంగది విచిత్రమైన నడక. హిమాలయాల నుంచి కిందికి వచ్చిన నది, ఇక్కడ మళ్లీ ఉత్తరం వైపు తిరుగుతుంది. పుట్టింటి వైపు ఒక్కసారి తిరిగి చూసినట్టు! ఊరంతా పడమటి గట్టు మీదే. అందుకే ప్రతి మెట్టు మీదా ఉదయం ఎండ పడుతుంది. అవతలి గట్టున ఇసుక తప్ప ఏమీ ఉండదు. వరుణ, అసి... ఈ రెండు చిన్న నదుల మధ్య ఊరు కాబట్టి వారణాసి అయిందంటారు. ఘాట్లు ఎనభై నాలుగని లెక్క.

పడవ ప్రవాహానికి ఎదురెళ్తోంది. పంచగంగా ఘాట్ మీద ఔరంగజేబు కాలంనాటి మసీదు కనిపించింది. ఆ తరువాత నీళ్లలోకి ఒరిగిన రత్నేశ్వర్ ఆలయం. ఆ వెంటనే పొగ. మణికర్ణిక. ఒకటి కాదు, ఏడెనిమిది చితులు. పక్కనే ఇళ్ల ఎత్తున పేర్చిన కట్టెలు. ఆవిడ చేతులు జోడించింది. కొడుకు ఫోన్ బయటికి తీశాడు, మళ్లీ జేబులో పెట్టేశాడు.

దశాశ్వమేధ్ దాటాక, అహల్యాబాయి ఘాట్ పక్కన, నీళ్లలోంచి నిటారుగా లేచినట్టు కనిపించింది ఆ కోట. గుండ్రటి బురుజుల్లాంటి రాతి స్తంభాలు, వాటి నడుమ పై అంతస్తుకు సన్నగా చెక్కిన పిట్టగోడలు. దర్భంగా ఘాట్. దాని మీద బ్రిజ్‌రామా ప్యాలెస్ హోటల్.

''అయ్యో, ఇది మీ నాన్నగారు చూపించిన కోట కదురా!'' అంది ఆవిడ, అప్పుడు గుర్తుపట్టి.

కొడుక్కి కావలసింది ఆ మాటే.

మంత్రిగారి మేడ... మహారాజుగారి లిఫ్టు

ఆ కోటకు రెండు వందల ఏళ్లు దాటాయి. కట్టించింది మహారాజు కాదు, ఒక మంత్రి. నాగపూర్ సంస్థానంలో మంత్రిగా పనిచేసిన శ్రీధర నారాయణ మున్షీ 1812 ప్రాంతంలో కట్టించాడు. పక్కనున్న మున్షీ ఘాట్‌కు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. రాయి చునార్‌ది. కాశీలో ఘాట్లకూ గుళ్లకూ మేడలకూ ఎక్కువగా వాడింది ఆ గోధుమవన్నె ఇసుకరాయే. గంగలో పైనుంచి పడవల మీద కిందికి తేవడం సులువు.

ఆ రోజుల్లో దేశంలోని రాజులకు, జమీందార్లకు కాశీలో ఒక ఇల్లు ఉండటం మర్యాద. అవసాన కాలంలో వచ్చి ఉండటానికి, తల్లిదండ్రుల కర్మలు చేయడానికి, యాత్రకొచ్చిన తమ ఊరివాళ్లకు నీడ ఇవ్వడానికి. నేపాల్ రాజుల నుంచి మరాఠాల దాకా, మైసూరు నుంచి మిథిల దాకా అందరి ఆనవాళ్లూ ఈ గట్టు మీద ఉన్నాయి. మున్షీ మేడను 1915లో బీహార్‌లోని దర్భంగా మహారాజు రామేశ్వర్ సింగ్ కొన్నారు. అప్పటి నుంచి ఘాట్‌కు దర్భంగా పేరు వచ్చింది. 1918లో అక్కడ ఒక లిఫ్టు పెట్టించారని, కాశీలో మొట్టమొదటిది అదేనని హోటల్ వాళ్లు గర్వంగా చెబుతారు. సంస్థానాలు పోయాయి. మేడ చాలాకాలం వెలవెలబోయింది. ఏళ్ల తరబడి మరమ్మతులు జరిగి, 2016లో హోటల్‌గా తలుపులు తెరుచుకుంది.

లోపల స్తంభాల నడుమ ముంగిలి. రాతి మీద తీగలు, పువ్వులు. గోడలకు పాతకాలపు చిత్రాలు. గది కిటికీ తెరిస్తే కింద గంగే. ఇంత పెద్ద హోటల్లో మాంసం వండరు, మద్యం పొయ్యరు. ఆ సంగతి విన్నాక గానీ పెద్దావిడ మంచినీళ్లు తాగలేదు.

''మరి వీళ్లకు లాభం ఎలా వస్తుందిరా?'' అని అడిగింది.

గదిలో మంచం చూసి మొదట కూర్చోలేదు. దుప్పటి అంచు చేత్తో తడిమింది. తరువాత చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చింది. కొడుకు వెళ్లి వాటిని లోపల పెట్టాడు. ఆవిడ మళ్లీ బయట పెట్టింది.

''కాశీలో కనీసం మూడు నిద్రలు చెయ్యాలంటారు. ఇలాంటి కోటలో పడుకుంటే అది నిద్ర కిందికి వస్తుందో రాదో!''

వంకాయ దగ్గర రాజీ

పెద్దావిడ కాశీకి రావడం రెండోసారి. మొదటిసారి 2011 గంగా పుష్కరాలకు. పోస్ట్‌మాస్టరుగా రిటైరైన భర్తతో, ఊరివాళ్లు పదహారు మందితో రైలెక్కి మొగల్‌సరాయ్‌లో దిగారు. ఇప్పుడా స్టేషను పేరు మారింది. అప్పుడు ఆటోల్లో ఇరుక్కుని, మానసరోవర్ ఘాట్ దగ్గరున్న తెలుగువాళ్ల సత్రానికి చేరారు. ఒక గదిలో ఎనిమిది మంది. వరండాలో తాడు కట్టి బట్టలు ఆరేసుకునేవాళ్లు. మధ్యాహ్నం వరసగా కూర్చోబెట్టి పప్పు, కూర, చారు వడ్డించేవారు.

కాశీకెళ్తే ఇష్టమైన కూరా పండూ వదిలేసి రావడం మనవాళ్ల ఆచారం. పంతులుగారు గట్టున కూర్చోబెట్టి, ''బాగా ఇష్టమైనదే వదలాలి సుమండీ'' అని మరీ చెప్పాడు. పోస్ట్‌మాస్టరుగారికి వంకాయ అంటే ప్రాణం. గుత్తివంకాయ వండిన రోజు ఇంకో కూర వంక చూసేవారు కాదు. అందరూ ఆయన నోటి వంకే చూస్తున్నారు. ఆయన గంగకు నమస్కరించి, ఎంతో బాధగా మొహం పెట్టి, ''కాకరకాయ'' అన్నారు.

జన్మలో ఎన్నడూ ఆయన కాకరకాయ ముట్టింది లేదు!

''గంగమ్మతో కూడా బేరమేనా అని అడిగాను. 'పోస్టాఫీసువాణ్ణే, ఉత్తరం చేరిస్తే చాలదా, ఏ ఉత్తరమన్నది వాళ్లకెందుకు' అన్నారు'' అని ఆవిడ ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా నవ్వుతుంది.

ఆ సాయంత్రమే ఊరివాళ్లంతా కలిసి పడవ మాట్లాడుకున్నారు. ఈ కోట ముందుకు వచ్చినప్పుడు ఆయన భార్య భుజం తట్టి చూపించారు. ఏనుగుల వీరాస్వామి గారు ఇక్కడికి వచ్చినప్పటికే ఈ మేడ ఉందన్నారు. పోస్ట్‌మాస్టరుగారి చదువు అలాంటిది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న వీరాస్వామి 1830 మే 18న పరివారంతో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలలకు పైనే. ఆ రోజుల్లో కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒక్కటే అనేవారు. తిరిగొస్తే కాశీ సమారాధన చేసి ఊరంతటికీ భోజనం పెట్టేది అందుకే. వీరాస్వామి దారి పొడుగునా చూసినవన్నీ రాసి పెట్టుకుంటే, అది 'కాశీయాత్ర చరిత్ర' అయింది. 1838లో అచ్చయింది.

''ఆ మేడలో ఒక్క రాత్రి పడుకుంటే ఎలా ఉంటుందో!'' అన్నారట పోస్ట్‌మాస్టరుగారు.

''మనకెందుకండీ మేడలు'' అందట ఆవిడ.

ఈ రెండు ముక్కలూ ఎప్పుడో ఫోన్లో కొడుకు చెవిన పడ్డాయి. పన్నెండేళ్లు గుర్తుపెట్టుకున్నాడు. నాన్న పడుకోలేకపోయిన చోట అమ్మను పడుకోబెట్టాలన్నది అతని ఆలోచన. అందులో ప్రేమ ఎంతో, బాకీ తీర్చుకునే తొందర ఎంతో అతనికే తెలియదు.

''ఆఫర్లో వచ్చిందమ్మా''

చీకటి పడ్డాక దశాశ్వమేధ్ వైపు నుంచి గంటలు మొదలయ్యాయి. పూజారులు వరసగా నిలబడి, పడగల దీపాలు పట్టుకుని హారతి ఇస్తున్నారు. హోటల్ డాబా మీంచి చూస్తే ఆ వెలుగంతా అరచేతిలో పట్టేంత కనిపిస్తోంది. కింద ముంగిట్లో ఎవరో సితార్ శ్రుతి చేసుకుంటున్నారు. చలికాలం కదా, పగలంతా పడవల వెంట తిరిగిన తెల్లటి కొంగల్లాంటి వలస పక్షులు నీళ్ల మీద నిద్రకు సిద్ధమయ్యాయి. 

ఆవిడ శాలువా కప్పుకుని ఉత్తరం వైపు చూసింది. మణికర్ణిక మంటలు. దక్షిణం వైపు చూసింది. అటు హరిశ్చంద్ర ఘాట్. అక్కడా మంటలే.

''నడుమన ఈ కోట. మంచి చోటే కట్టారు'' అంది.

గదిలోకొచ్చాక అడిగింది. ''రోజుకెంతరా దీనికి?''

''ఎంతో కాదులే అమ్మా. ఆఫర్లో వచ్చింది.''

ఆవిడ జడ విప్పి దువ్వుకుంటోంది. దువ్వెన ఆపలేదు.

''ఆ రోజు విమానాలు లేవన్నావు. అలాగేనా ఇదీ?''

సితార్ చప్పుడు కింది నుంచి వినిపిస్తూనే ఉంది.

2021 మే. కరోనా రెండో అల. పోస్ట్‌మాస్టరుగారు జ్వరంతో ఆస్పత్రిలో చేరిన తొమ్మిదో రోజున పోయారు. తల కొరివి పెట్టింది మేనల్లుడు, ఒంటి నిండా ప్లాస్టిక్ తొడుక్కుని. కొవ్వూరు గోష్పాద క్షేత్రంలో అస్థికలు కలిపిందీ అతనే. డాలస్ నుంచి కొడుకు ఫోన్లో చూశాడు. ''విమానాలు లేవమ్మా'' అన్నాడు. ఊళ్లో అందరితో ఆవిడా అదే చెప్పింది.

విమానాలు ఉన్నాయి. రావడానికి అడ్డేమీ లేదు. వెళ్లడానికే దారి లేదు. ఆ ఏడాది మే 4 నుంచి, ఇండియా నుంచి వచ్చేవాళ్లలో పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు, ఇంకా కొద్దిమందిని తప్ప అమెరికా రానివ్వలేదు. నవంబరులో గానీ ఆ ఆంక్ష తీయలేదు. అతనిది ఉద్యోగం మీద వచ్చిన వీసా. భార్యకు ఏడో నెల. వస్తే ఎన్నాళ్లకు తిరిగి వెళ్తాడో చెప్పేవాళ్లు లేరు. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. ఒక రాత్రంతా కూర్చుని ఆలోచించాడు. తెల్లారి టికెట్ పేజీ మూసేశాడు. అది ఎవరో ఆపితే ఆగడం కాదు. అతను తీసుకున్న నిర్ణయం.

రెండున్నరేళ్లుగా ఎవరితోనూ అనని ఆ మాట, అతను ఆ రాత్రి మంచం అంచున కూర్చుని చెప్పాడు. అంతా చెప్పాక, ''నీకెప్పుడు తెలిసిందమ్మా?'' అని అడిగాడు.

''పదకొండో రోజున. పై వీధి వాళ్లబ్బాయి అమెరికా నుంచే వచ్చాడు, వాళ్లమ్మకు బాగాలేదని. విమానం లేకపోతే ఎగిరొచ్చాడా?''

''మరి నన్నెందుకు అడగలేదు?''

''అడిగితే ఏం చెబుతావు? ఇంకో అబద్ధం చెబుతావు. ఒకటి మోయడమే కష్టం గదా.''

ఆవిడ లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. కొంచెంసేపు అలాగే నిలబడింది.

''నాకు కోపం రాలేదని చెప్పను. వచ్చింది. చాలా వచ్చింది. మీ నాన్నగారి ఫొటో ముందు కూర్చుని నిన్ను తిట్టుకున్నాను కూడా. పాప పుట్టిందని నువ్వు ఫోన్ చేసిన రోజున, ఆ పిల్ల ఏడుపు వినిపించింది. అప్పుడనిపించింది... నువ్వొచ్చేసుంటే అక్కడ ఆ పిల్ల ఒక్కతీ ఎలా కనేదో అని. ఆ తరువాత కోపం తగ్గింది. మొత్తం పోలేదు. తగ్గింది.''

అతను ఏడ్చాడు. ఆవిడ దగ్గరికి రాలేదు. ఏడవనిచ్చింది. తరువాత చెంబులో నీళ్లిచ్చి, ''పొద్దున్నే లేవాలి. పంతులుగారు ఆరింటికల్లా రమ్మన్నాడు'' అంది.

ఆ హంసతూలికా తల్పం మీద ఇద్దరికీ నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున మాత్రం ఆవిడకు చిన్నగా గురక వచ్చింది. కాశీలో మొదటి నిద్ర అయినట్టే.

తినే వస్తువే వదలాలి

ఆరింటికి గంగ మీద పొగమంచు. అవతలి ఇసుక గట్టు కనిపించడం లేదు. సూర్యుడు ఎర్రటి బొట్టులా పైకి వచ్చాక గానీ నీళ్లెక్కడో ఆకాశమెక్కడో తెలియలేదు. మెట్ల మీద అప్పటికే జనం. ఒంటి మీద గుడ్డలతోనే మునకలేసేవాళ్లు, రాగిచెంబుల్లో గంగ పట్టుకుని మూతలు వేయించుకునేవాళ్లు, వేడి కచోడీల కోసం గొంతు సందుల్లోకి దారి తీసేవాళ్లు.

పంతులుగారు తెలుగాయనే. తాతలనాడు కాశీ వచ్చి స్థిరపడిన కుటుంబం. తెలుగు మాటల్లో హిందీ యాస. నీళ్లలో మూడు మునకలు వేయించి, తడి పంచెతోనే కొడుకుని కూర్చోబెట్టాడు. తండ్రి పేరు, గోత్రం అడిగాడు. పిండిముద్దలు చేయించాడు. నువ్వులు, నీళ్లు. తాత పేరు అడిగాడు, చెప్పాడు. ముత్తాత పేరు దగ్గర అతను ఆగిపోయాడు. వెనక మెట్టు మీద నుంచి తల్లి అందించింది. ఆ తరువాత మూడు తరాల ఆడవాళ్ల పేర్లూ ఆవిడే అందించింది.

పిండాలు గంగలో వదిలాడు. చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి. అతను చాలాసేపు నీళ్లలోంచి రాలేదు.

''ఇప్పుడు ఒక కూర, ఒక పండు వదలాలి బాబూ. ఇష్టమైనవే'' అన్నాడు పంతులు.

అతను తల్లి వంక చూశాడు. ''ఆ దిగులు వదిలేస్తానమ్మా. ఆ రోజు రాలేదన్న దిగులు.''

వినడానికి ఎంతో బాగుంది. పంతులుగారు కూడా తల ఊపాడు. ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు.

''అలా కుదరదు. తినే వస్తువే వదలాలి. దిగులు వదిలేస్తే పోతుందా? అదుంటుంది. ఉండనీ. మీ నాన్నగారంటే ఆమాత్రం ఉండాలి గదా. కూర చెప్పు.''

అతను ఒక్క క్షణం ఆలోచించాడు. నీళ్లు దోసిట్లోకి తీసుకున్నాడు.

''వంకాయ'' అన్నాడు.

ఆవిడ మొహం మారిపోయింది. ''ఏవిట్రా?''

''నాన్న గంగమ్మకు బాకీ ఉన్నారు కదమ్మా. ఆ కాకరకాయ లెక్క ఇవాళ సరిచేసేశా.''

దోసిట్లో నీళ్లు వదిలేశాడు. ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు. పంతులుగారికి ఏమీ అర్థం కాలేదు. ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పటిదాకా ఏడవని మనిషి అక్కడ, ఆ తడి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

''పిచ్చి సన్నాసీ! ఆయన పోయాక మళ్లీ ఆ కూర వండింది, నువ్వొచ్చావని మొన్న ఒక్కరోజే. ఇంక గుత్తివంకాయ ఎవరికి వండనురా నేను?''

రెండో నిద్ర

మధ్యాహ్నం విశ్వనాథుణ్ణి దర్శించుకున్నారు. 2011లో ఆవిడ చూసిన ఇరుకు సందులు లేవు. 2021 డిసెంబరులో ప్రారంభించిన విశాలమైన ప్రాంగణంలోంచి నేరుగా గంగ కనిపిస్తోంది. 1780 నాటికి అహల్యాబాయి హోల్కర్ కట్టించిన గుడి మాత్రం అదే. అన్నపూర్ణమ్మను, మీర్ ఘాట్ దగ్గర విశాలాక్షిని చూసుకుని తిరిగి వస్తుంటే ఆవిడ ఆగింది.

''ఈ రాత్రికి మన సత్రంలో పడుకుందాంరా.''

''రెండు రాత్రులకూ డబ్బు కట్టేశానమ్మా. తిరిగి ఇవ్వరు.''

''ఆఫర్లో వచ్చిందన్నావుగా!''

ఇద్దరూ నవ్వుకున్నారు. హోటల్ గది తాళం వాళ్ల దగ్గరే ఉంచి, ఒక్క సంచీతో మెట్ల వెంట దక్షిణంగా నడిచారు. చౌసట్టి ఘాట్, పాండే ఘాట్ దాటి పావుగంట నడిస్తే చాలు. కోటకీ సత్రానికీ మధ్య దూరం అంతే. మెట్ల మీద గేదెలు ఎండ కాచుకుంటున్నాయి. పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఉతికిన చీరలు రాళ్ల మీద పొడుగ్గా ఆరేసి ఉన్నాయి.

సత్రంలో 2011 నాటి గదినే ఆవిడ అడిగింది. మేడ మీద, మెట్ల పక్కన. అందులో అనంతపురం నుంచి వచ్చిన వాళ్లున్నారు. వరండా చివరి గది ఇచ్చారు. రెండు ఇనప మంచాలు, ఒక బల్బు. రాత్రి పులిహోర, మజ్జిగ అన్నం. పక్క గదిలోవాళ్లతో ఆవిడకు గంటలో చుట్టరికం కలిసిపోయింది. తణుకులో వాళ్లకు తెలిసినవాళ్లు వీళ్లకూ తెలుసట.

పడుకునేముందు ఆవిడ వరండాలోకి తీసుకెళ్లి ఒక మేకు చూపించింది. గోడకు సున్నం వేసి వేసి దాని తల సగం పూడిపోయి ఉంది.

''తాడు ఇక్కడి నుంచే కట్టారు మీ నాన్నగారు.''

కొడుకు దాన్ని వేలితో తాకాడు. నిన్నటి కోటలో రెండు వందల ఏళ్ల రాళ్లన్నీ చూశాడు. ఏదీ ఇంత పాతదిగా అనిపించలేదు.

''ఆయన నిజంగా ఆ మేడలో పడుకోవాలనుకున్నారా అమ్మా?''

ఆవిడ ఆలోచించింది. ''ఏమోరా! ఆ మాట అన్నాక, ఇక్కడికొచ్చి పడుకున్న ఐదు నిమిషాలకే గురక పెట్టారు.''

దుప్పటి పొట్టిది. కాళ్లు బయటికి వస్తున్నాయి. చలి. కింద సందులోంచి ఎవరో శవాన్ని మోసుకుపోతూ రామనామం అంటున్నారు. హరిశ్చంద్ర ఘాట్ అక్కడికి దగ్గరే. ఆ మాట దూరమయ్యేదాకా ఇద్దరూ విన్నారు.

''ఊరెళ్లాక సమారాధన పెట్టుకోవాలి'' అంది ఆవిడ చీకట్లో. ''పప్పు, పులుసు, బూరెలు. గుత్తివంకాయ కూడా చేస్తాను. నువ్వు తినకు. పక్కన కూర్చుని వడ్డించు.''

సమాధానం రాలేదు. ఆవిడ మంచం మీంచి తల ఎత్తి చూసింది.

కొడుకు అప్పటికే గురక పెడుతున్నాడు.